ఆటలో అరటిపండు కాకుండా

మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిపూట ఫోన్లలో కూడే జట్లకు ఒక పోలిక ఉంటుంది. ఇద్దరు ఊళ్లో ఉంటారు, ఒకడు నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటుంటాడు, నాలుగోవాడు దుబాయిలో. ఇక్కడ పదిన్నర అయితే అక్కడ తొమ్మిది. డ్యూటీ దిగి, ఇంత వండుకుని తిని అతను ఫోను పట్టుకునే వేళకు ఇక్కడి ముగ్గురూ లాబీలో కాచుకుని ఉంటారు. బీజీఎంఐ అంటే పేరు మార్చుకుని వచ్చిన పబ్జీ; దాని స్క్వాడ్‌లో నలుగురికే చోటు. దుబాయి అన్నకు నైట్ డ్యూటీ పడ్డ నాడు ఆ ఖాళీలోకి ఇంట్లో చిన్నోడినో, కొత్తగా ఫోను కొన్న దోస్తునో తెచ్చి కూర్చోబెడతారు. ఇక చూడాలి. "ఏడ దిగినవ్‌రా తమ్మీ?" "లూట్ ఏరుకుంట కూసుంటే జోన్ ఎవడు చూస్తడు?" "ఆడున్నడు, ఆడ! చెట్టు కాడ!" ఆ దీవి నిండా చెట్లే. ఏ చెట్టో చిన్నోడు వెతుక్కునేలోపే పడిపోతాడు.

తిట్టేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ర్యాంకు మ్యాచ్‌లో జట్టు తొందరగా పోతే పాయింట్లు పోతాయి. క్రౌన్ నుంచి ఏస్ మెట్టెక్కడానికి రోజుల తరబడి రాత్రి నిద్ర మానుకున్నవాడికి, పక్కవాడి తెలియనితనం నేరుగా తన ఖాతాలోంచి తీసుకునే జరిమానా. ఆట లెక్కే అట్లా కట్టి ఉన్నప్పుడు ఓపిక పట్టమని చెప్పడం తేలిక, పట్టడం కష్టం.

మన ఊళ్లలో పిల్లలు దీనికి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. దొంగాట ఆడేటప్పుడు అన్న వెంట నాలుగేళ్ల చెల్లె కూడా వస్తానని ఏడిస్తే, ఆమెను "ఆటలో అరటిపండు" చేస్తారు. ఆమె పరుగెత్తుతుంది, దాక్కుంటుంది, దొరికినా అవుట్ కాదు, దొంగ కాదు. ఎవరికీ నష్టం లేదు. మంచి ఏర్పాటే. కానీ అందులో ఒక లోపముంది: ఆ పిల్ల ఆటలో ఉంది గాని లెక్కలో లేదు. ఆరేడేళ్లు వచ్చేసరికి ఆ సంగతి ఆమెకే తెలిసిపోతుంది, "నేను అరటిపండు కాను" అని కాళ్లు నేలకేసి కొడుతుంది. కొత్తవాడు లెక్కలోనూ ఉండాలి, పాతవాడికి నష్టమూ రాకూడదు. ఈ రెంటినీ ఒకేసారి సాధించడం పనిమంతుల పని. అది సాధించిన కొన్ని ఆటల లోపలి కట్టడాన్ని దగ్గరగా చూపించాలని నా ఆశ.

ఆన్‌లైన్ ఆట అనగానే రమ్మీ గుర్తొచ్చి భయపడే పెద్దలకు ముందుగా ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఇక్కడ చెప్పేది వాటి గురించి కాదు.

అన్నింటికంటే ముందు చూపించాల్సింది ఒక జపాన్ ఆట, ఫైనల్ ఫాంటసీ 14. మన దగ్గర దీన్ని ఆడేవాళ్లు బహు తక్కువ. స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ 2010లో విడుదల చేస్తే ఘోరంగా దెబ్బతింది. నావోకి యోషిదా అనే ఆయన చేతికి అప్పగిస్తే, పాతదాన్ని మూసేసి, మళ్లీ పునాది నుంచి కట్టి 2013 ఆగస్టులో తెచ్చాడు. అందులో కథ ముందుకు సాగాలంటే నడుమ నడుమ నలుగురు కలిసి దాటాల్సిన గుహలుంటాయి. ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, ఒకడు గాయాలు మాన్పుతాడు, ఇద్దరు కొడతారు. సరే, ఆట పుట్టి పదేళ్లయ్యాక చేరినవాడికి మొదటి గుహలో తోడెవరు? పాతవాళ్లంతా దాన్ని ఎన్నడో దాటేశారు. వాళ్లకు అక్కడ కొత్తగా దొరికేది ఏమీ లేదు.

దీనికి పెట్టిన ఏర్పాటు పేరు డ్యూటీ రౌలెట్. పాతవాడు రోజుకోసారి ఒక మీట నొక్కుతాడు. ఏ గుహ వస్తుందో అతనికి తెలియదు, ఆటే ఎంచి పంపుతుంది, ముగించి వస్తే ఆనాటికి మంచి బహుమానం ఇస్తుంది. ఆ బహుమానంతో కొనేవి పెద్ద స్థాయి ఆటగాళ్లకు పనికొచ్చే సామాన్లే, అందుకని వాళ్లు రోజూ వస్తారు. అట్లా ప్రపంచంలో ఎక్కడో ఒక కొత్తవాడు తోడు కోసం ఎదురుచూస్తున్న గుహలోకి ముగ్గురు అనుభవజ్ఞులు వచ్చి పడతారు. లోపలికి అడుగు పెట్టగానే పాతవాడి స్థాయి దానంతటదే కొత్తవాడి స్థాయికి దిగిపోతుంది. బలం తగ్గుతుంది, పై మెట్లలో నేర్చిన విద్యలు కొన్ని పనిచేయవు. ఒక్క దెబ్బతో అందరినీ పడగొట్టి, కొత్తవాణ్ని వెనకాల ఊరికే నడిపించుకుపోయే వీలు లేదు. మాన్పే బాధ్యత కొత్తవాడిదైతే అతను నిజంగానే మాన్పాలి. పాతవాళ్లు దీని గురించి గొణుగుతారు. గొణగనివ్వండి. కొత్తవాడు లెక్కలోకి వచ్చేది సరిగ్గా ఇక్కడే.

అసలు పనితనం మాత్రం ఒక చిన్న వాక్యంలో ఉంది. గుహ మొదట్లో నలుగురి తెరల మీదా ఒక సూచన కనబడుతుంది. ఈ జట్టులో ఒకరో అంతకంటే ఎక్కువమందో ఈ గుహను ఇంతవరకు దాటలేదు, ముగించాక అందరికీ అదనపు బహుమానం ఉంటుంది అని దాని సారాంశం. ఎంత లెక్కగా రాశారో చూడండి. ఎవరు కొత్తో చెప్పలేదు. పదేళ్లుగా ఆడుతూ ఈ గుహను మాత్రం చూడనివాడు కావచ్చు, నిన్న చేరినవాడు కావచ్చు. ఇక పాతవాడి లెక్క తలకిందులైంది. జట్టులో తెలియనివాడు ఉన్నాడంటే తనకు ఈసారి ఎక్కువ ముడుతుంది. బీజీఎంఐలో "అబ్బా, కొత్తోడా" అనిపించే చోట ఇక్కడ "ఓహో, కొత్తోడా" అనిపిస్తుంది. ఆ గుహలో మొదటిసారి ఒకణ్ని దాటించినందుకు వచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు. పెద్దది కానక్కర్లేదు కూడా. తిట్టబోయే నోటిని ఒక క్షణం ఆపితే చాలు, ఆ తర్వాత మామూలు మంచితనం తన పని తాను చేసుకుంటుంది.

గుహ దాటాక ఒక్కొక్కరు ఒక్కరిని మెచ్చుకోవచ్చు. ఇక్కడా ఒక మెలిక పెట్టారు. తనతో జట్టు కట్టుకుని వచ్చిన దోస్తును మెచ్చుకోవడానికి వీలు లేదు. ముక్కూముఖం తెలియనివాడినే మెచ్చుకోవాలి. యుద్ధ విద్యల్లో గురువు హోదా, పేరు పక్కన కిరీటం గుర్తు రావాలంటే ఇట్లాంటి మెప్పులు 1,500 కావాలని నిబంధన పెట్టారు. దోస్తులు ఒకరికొకరు రాసుకుంటే ఈ సంఖ్య వారంలో నిండిపోయేది. కొత్తవాళ్ల పేరు పక్కన లేత మొలక గుర్తు ఉంటుంది. కొన్ని వందల గంటలు ఆడి, కథలో కొంత దూరం వచ్చాక గాని అది పోదు. మొలకను చూస్తే ఆగి దారి చెప్పడం అక్కడి వాళ్లకు అలవాటైపోయింది. అందరూ పుణ్యాత్ములని అనను. కిరీటం పెట్టుకుని చిరాకు పడే గురువుల మీద అక్కడ బోలెడు జోకులున్నాయి.

ఇక "ఆడున్నడు, ఆడ" సంగతి.

రెస్పాన్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే అమెరికా సంస్థ 2019 ఫిబ్రవరి 4న ఎపెక్స్ లెజెండ్స్ అనే ఆటను ముందస్తు ప్రచారం లేకుండా విడుదల చేసింది. మొదటి వారంలోనే రెండున్నర కోట్లమంది ఆడారు. ముగ్గురు ముగ్గురుగా జట్లు, ఒక దీవి, చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు. పబ్జీ ఆడినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. వింతంతా ఒకే ఒక్క మీటలో ఉంది. దాన్ని పింగ్ అంటారు. ఎక్కడికో గురిపెట్టి ఒకసారి నొక్కితే "ఇటు పోదాం" అని ఆ చోట గుర్తు పడుతుంది, ఎన్ని మీటర్ల దూరమో పక్కన కనబడుతుంది. రెండుసార్లు నొక్కితే "అక్కడ శత్రువున్నాడు". నేల మీద పడి ఉన్న తుపాకి మీద గురిపెట్టి నొక్కితే ఆట దాని పేరు చెప్పి, ఎక్కడుందో జోడీలకు చూపిస్తుంది. ఆ గుర్తు మీద ఇంకొకడు నొక్కితే "అది నాకు ఉంచండి" అన్నట్టు. తన సంచిలో ఖాళీగా ఉన్న గడి మీద నొక్కితే "నాకు ఫలానా సామాను కావాలి" అని అడిగినట్టు. దొరికినదాన్ని తీసుకున్నాక థ్యాంక్స్ చెప్పమని ఆటే గుర్తు చేస్తుంది. ఇదంతా ఒకే మీట. ఎటు చూస్తూ నొక్కావన్నదాన్ని బట్టి ఆట అర్థం చేసుకుంటుంది. కొత్తవాడు బట్టీపట్టాల్సింది ఏమీ లేదు. చూపుడువేలు పెట్టి చూపించడం వస్తే చాలు.

ఇది మొదటి ప్రయత్నమేమీ కాదు. తెర మీద గుర్తులు పెట్టే సదుపాయం అంతకు ముందు ఆటల్లోనూ ఉంది. పబ్జీలోనూ ముందే తయారుచేసి పెట్టిన మాటల చిట్టా ఉండేది, నొక్కితే "ముందు శత్రువులు" అని గొంతు వినిపించేది. ముందు అంటే ఎవరి ముందు? రెస్పాన్ వాళ్లు చేసిన మేలు మాటనూ చోటునూ ఒక్కటిగా అతికించడం. దానికోసం వాళ్లు తమ మీదే ఒక పరీక్ష పెట్టుకున్నారు. సుమారు నెల రోజులు మైకులు లేకుండా, ఒకరి పేరు ఒకరికి తెలియకుండా మారుపేర్లతో తమ ఆటను తామే ఆడారు. పక్క కుర్చీలో కూర్చున్న సహోద్యోగి ముక్కూముఖం తెలియని అపరిచితుడైపోయాడు. అప్పుడు ఎక్కడెక్కడ మాట దొరక్క చిక్కుపడ్డారో అక్కడల్లా పింగ్‌కు ఒక పలుకు నేర్పారు. కొత్తవాడి కష్టం తెలియాలంటే పాతవాడు తన సౌకర్యాన్ని కొన్నాళ్లు వదులుకోవాలి. ఆటలు తయారుచేసేవాళ్లలో చాలామంది ఈ పని చెయ్యరు, ఆట చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

మా నిజామాబాద్ జిల్లా కళ్లతో చూస్తే పింగ్ విలువ ఇంకా పెరుగుతుంది. బోధన్ దాటితే మహారాష్ట్ర. శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చిన నాటి నుంచి అక్కడ తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే కొట్టు దగ్గర వినపడతాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, భాషల కలగలుపు మాత్రం పోలేదు. జట్టులో ఒకరు తక్కువైనప్పుడు ఆట కలిపే "రాండమ్" నాందేడ్ వాడో, పాట్నా వాడో అవుతాడు. మనవాడికి హిందీ అర్థమవుతుంది గాని హడావిడిలో నోట రాదు. మైకు ఆన్ చేస్తే వెనక టీవీ సీరియలు, అమ్మ పిలుపు, బర్రె అరుపు అందరికీ వినిపిస్తాయని సిగ్గు. ఆడపిల్లలైతే గొంతు వినిపించగానే మొదలయ్యే వెకిలి మాటలకు జడిసి మైకు ముట్టనే ముట్టరు. వీళ్లందరికీ నోరు తెరవకుండా జట్టులో పూర్తి మనిషిగా ఉండే హక్కును ఆ మీట ఇచ్చింది. పైగా ఆటలోని పాత్ర పలికే మాట ఎవరి యంత్రంలో వారు ఎంచుకున్న భాషలో వినిపిస్తుంది. ఒకడు ఇంగ్లీషులో చూపిస్తే ఇంకొకడు జపనీసులో వింటాడు. ఆ భాషల వరుసలో తెలుగు లేదు, అది వేరే దుఃఖం. వినికిడి లేని ఆటగాళ్లు ఈ ఏర్పాటును ఎంతగానో మెచ్చుకున్నారు, తమ కోసమే చేశారా అన్నట్టుగా. అదేపనిగా నొక్కి ప్రాణం తీసేవాళ్లూ ఉన్నారు. ఏ మంచి పరికరానికైనా ఆ బెడద తప్పదు.

అదే ఆటలో ఇంకో చిన్న సంగతి. చచ్చిపోయినవాడి గుర్తును జోడీలు తీసుకెళ్లి ఒక స్తంభం దగ్గర పెడితే అతను మళ్లీ దిగుతాడు. కొత్తవాడు మొదటి రెండు నిమిషాల్లోనే పోవడం ఖాయం కదా. ఇదివరకైతే మిగతా ఇరవై నిమిషాలు ఇతరుల ఆట చూస్తూ కూర్చోవాలి, లేదా సిగ్గుపడి వెళ్లిపోవాలి. ఇప్పుడు తప్పు దిద్దుకునే రెండో అవకాశం అదే మ్యాచ్‌లో ఉంది. తోటివాళ్లు తన కోసం ప్రమాదానికి ఎదురెళ్లి ఆ స్తంభం దాకా వచ్చారన్న సంగతి ఒక్కటే చాలు, కొత్తవాడు ఆ జట్టును వదలడు.

బైరాగుల్లాంటి ఇద్దరు, పెద్ద ఎడారి, ఎదురుగా ఒక కొండ. జర్నీ అనే ఆటలో ఉన్నది ఇంతే. జెనోవా చెన్ బృందం 2012 మార్చిలో తెచ్చింది. ఇద్దరూ ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో, పేర్లు కనబడవు, మాటలు లేవు, గంట మోగినట్టు చిన్న కూత మాత్రం పెట్టగలరు. తయారవుతున్న రోజుల్లో జరిగిన సంగతి చెన్ తన ప్రసంగాల్లో చెప్పాడు. పరీక్షించడానికి ఆడినవాళ్లు ఒకరికొకరు సాయపడతారని అనుకుంటే, ఒకరినొకరు గోతుల్లోకి తోసేసుకున్నారట. పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లను అడిగితే, కొత్త చోట మనుషులు పసిపిల్లల్లాగే ఎక్కడ చప్పుడు ఎక్కువ వస్తే అక్కడ మళ్లీ కొడతారని జవాబు. తోస్తే అవతలివాడు పడతాడు, అదొక వినోదం. అప్పుడు చెన్ హితబోధలు పెట్టలేదు, శిక్షలూ పెట్టలేదు. ఒకరి ఒళ్లు ఒకరికి తగలడాన్నే తీసేశాడు. దాని బదులు, ఇద్దరూ దగ్గరికొస్తే ఎగిరే శక్తి నిండేట్టు చేశాడు. తోసినవాళ్లే పక్కపక్కన నడవడం మొదలుపెట్టారు.

అందులో వెతికితే దొరికే మెరిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. అన్నీ పట్టినవాడు తెల్లని వస్త్రం వేసుకోవచ్చు. కొత్తవాడికి ఎడారిలో తెల్లబట్టలవాడు కనబడితే వెంట నడుస్తాడు, గుర్తులు దాగి ఉన్న చోట్లన్నీ ఆయన చూపిస్తాడు. పాతవాడికి ఆటలో మిగిలిన వినోదం ఇంకేముంది, దారి చూపడం తప్ప? ఇద్దరి పేర్లూ ఆట పూర్తిగా ముగిశాక గాని తెర మీదికి రావు. నా మటుకు ఈ తెల్లని వస్త్రం ఆలోచన పైన చెప్పిన కిరీటం కంటే మెరుగు. కిరీటం ఎదుటివాడికి హోదా చూపిస్తుంది, ఈ బట్ట దారి తెలిసినవాడని మాత్రమే చెబుతుంది.

తిట్ల సంగతికి వస్తే రయట్ గేమ్స్ చేసిన ఒక ప్రయోగం ముచ్చటైనది. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఐదుగురు ఐదుగురుగా తలపడతారు. ఎదుటి జట్టుతో మాట్లాడే సదుపాయాన్ని వాళ్లు ముందుగా మూసి ఉంచారు, కావాలన్నవాళ్లు తామే తెరుచుకోవాలి. వారం తిరిగేసరికి చెడు మాటలు 30 శాతానికి పైగా తగ్గాయి, మంచి మాటలు దాదాపు 35 శాతం పెరిగాయి. మాట్లాడుకోవడం మాత్రం ఇంచుమించు మునుపటంతే ఉంది. ఎవరినీ నిషేధించలేదు, చేసిందల్లా నడుమ ఒక చిన్న గడప కట్టడం.

కొత్తవాణ్ని ఏ జట్టులో వెయ్యాలన్నది ఇంకో చిక్కు. కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో హెర్‌బ్రిక్, మింకా, గ్రేపెల్ అనే ముగ్గురు ఎక్స్‌బాక్స్ 360 కోసం ట్రూస్కిల్ అనే లెక్క కట్టారు. చేరగానే నీ నైపుణ్యం 25 అనుకుంటుంది. దాంతోపాటే నా అంచనా ఎంత తప్పు కావచ్చో ఇదీ అని ఇంకో అంకె పెట్టుకుంటుంది, అది 25లో మూడో వంతు. పైకి చూపించేటప్పుడు ఆ అనుమానాన్ని మూడింతలు చేసి తీసేస్తుంది, కాబట్టి నువ్వు సున్నా నుంచి మొదలవుతావు. ఆడేకొద్దీ అనుమానం తగ్గుతుంది. కొత్తవాడి గురించి తనకు తెలియదని ఒప్పుకునే వినయం మనుషుల కంటే ఈ లెక్కకే ఎక్కువ.

మన చేతుల్లో ఉన్న ఆట సంగతేమిటి? పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న నిషేధించారు, 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో వచ్చింది, ఏడాది దాటిన కొద్ది రోజులకే మళ్లీ మాయమై 2023 మేలో తిరిగొచ్చింది. కొత్త ఖాతాకు మొదటి మ్యాచ్‌ల్లో యంత్రం నడిపే బొమ్మ శత్రువులను ఎక్కువగా ఎదురుపెడతారు. అవి నిలబడి కాల్పించుకుంటాయి. పది మందిని పడగొట్టానని ఎగిరే పిల్లవాడు మరుసటి వారం అసలు మనుషుల నడుమ పడి ఏమైందో తెలియక తెల్లమొహం వేస్తాడు. ఇది అరటిపండు పద్ధతే, పైగా ఆ సంగతి వాడికి చెప్పకుండా. చిన్నోణ్ని కలుపుకునే అన్నలు కంపెనీ కోసం ఆగనక్కర్లేదు. మొదటి వారం ర్యాంకు మ్యాచ్ వద్దు, ట్రైనింగ్ గ్రౌండ్‌లో రోజూ ఒక పావుగంట చాలు. తప్పు చెప్పాల్సి వస్తే నలుగురూ వినే మైకులో కాక విడిగా చెప్పాలి. డోటా 2 అనే ఆటలో శిక్షకుడి మాట శిష్యుడికి మాత్రమే వినిపించేట్టు కట్టింది అందుకే. "ఆడ" అనకుండా మ్యాపు మీద గుర్తు పెట్టే అలవాటు ముందు అన్నలే చేసుకోవాలి.

ఎపెక్స్ ఫోన్లలోకి కూడా వచ్చింది. 2021లో తొలి పరీక్షకు ఎంచుకున్న రెండు దేశాల్లో మనది ఒకటి. 2022 మే 17న విడుదలై, ఏడాది నిండకుండానే 2023 మే 1న మూతపడింది. కానీ పింగ్ పోలేదు. దాని యజమాని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2021 ఆగస్టులో ఆ పేటెంటును అందరికీ తెరిచింది. పైసా కట్టకుండా ఎవరైనా తమ ఆటలో వాడుకోవచ్చు. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. ప్రాజెక్టు పేరుతో ఆటలు కడుతున్న మన ఇంజనీరింగ్ పిల్లలారా, తుపాకుల బొమ్మలు దిద్దడం కాసేపు ఆపి ఆ పేటెంటు కాగితాలు తిరగెయ్యండి. నాకు తెలిసినంతలో పింగ్‌కు తెలుగులో పలకడం ఎవరూ నేర్పలేదు, ఆ పని మీ కోసమే మిగిలి ఉంది.